వీసాలో లేని మనిషి: ‘ఆడుజీవితం’లో పరాయిదేశపు తొలిరోజులు

పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వెళ్లిన మనిషి తొలిరోజుల్ని మన సాహిత్యం సాధారణంగా రెండు పద్ధతుల్లో రాస్తూ వచ్చింది. మొదటిది ఆశ్చర్యం. ఎత్తయిన మేడలు, నున్నటి రోడ్లు, మంచు, ఇసుక, వింత తిండి, వింత భాష. ఇది యాత్రాచరిత్రల నుంచి వచ్చిన వారసత్వం. రెండోది బెంగ. అమ్మ చేతి ఆవకాయ, ఊరి చెరువు, పండగనాటి ముగ్గు, ఫోనులో తెగిపోతున్న గొంతు. డయాస్పొరా సాహిత్యం పేరుతో వస్తున్న కథల్లో చాలా భాగం ఈ రెండో పద్ధతివి. ఆశ్చర్యం అబద్ధం కాదు. బెంగ కూడా అబద్ధం కాదు. కానీ రెండింటిలోనూ అసలు విషయం మరుగున పడుతుంది. ఆ మనిషి అక్కడికి వింతలు చూడటానికి వెళ్లలేదు. పనిచేయటానికి వెళ్లాడు. అంటే తన శ్రమశక్తిని అమ్ముకోటానికి వెళ్లాడు. అమ్ముకున్న తొలిరోజున ఏం జరుగుతుంది? పాస్‌పోర్టు ఎవరి చేతిలోకి పోతుంది? చెప్పిన పనీ, చేతికిచ్చిన పనీ ఒకటేనా? ఆ పని ఇష్టం లేకపోతే మానేసే హక్కు అతనికి వుందా? ఈ ప్రశ్నలు వెయ్యని తొలిరోజుల కథ ఎంత ఆర్ద్రంగా వున్నా సగం కథే.

ఈ ప్రశ్నలు ముందు పెట్టుకుని చదవదగ్గ నవల ఒకటి మన పొరుగు భాషలో వుంది. బెన్యామిన్ మలయాళంలో రాసిన ‘ఆడుజీవితం’. ‘ఆడు’ అంటే మలయాళంలో మేక. 2008లో వచ్చిన ఈ నవల కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. 2012లో ఇంగ్లీషులోకి వెళ్లింది. మలయాళంలో వందకు పైగా ముద్రణలు పొందింది. 2024లో బ్లెస్సీ దర్శకత్వంలో సినిమాగా వచ్చి తెలుగు ప్రేక్షకుల్ని కూడా చేరింది. ఇంతమంది చదివి, ఇంతమంది చూసి, కన్నీళ్లు పెట్టుకున్న కథ ఇటీవలి కాలంలో అరుదు. అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న కన్నీళ్ల దగ్గర ఆగదు. పుస్తకం మూసేటప్పుడు పాఠకుడు ఏమనుకుంటున్నాడు? ‘పాపం, ఎంత దుర్మార్గుడి పాలపడ్డాడు!’ అనుకుంటున్నాడా? ‘ఆ దుర్మార్గుడి చేతికి అంత అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అని అడుగుతున్నాడా? ఈ రెండు వాక్యాల మధ్య వున్న దూరాన్ని కొలవటమే ఈ వ్యాసం పని.

1

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. నజీబ్ కేరళలో ఏటిలో దిగి ఇసుక తోడుకుని బతికే కూలీ. భార్య గర్భవతి. తెలిసినవాళ్ల ద్వారా సౌదీ వీసా ఒకటి అమ్మకానికి వుందని తెలుస్తుంది. అప్పో సప్పో చేసి బొంబాయి మీదుగా రియాద్ చేరతాడు. కంపెనీలో పని అని నమ్మించారు. వెంట హకీం అనే కుర్రవాడున్నాడు. విమానాశ్రయంలో ఎవరో వచ్చి తీసుకెళతారని ఎదురుచూస్తారు. చాలాసేపటికి పాత పికప్ బండిలో ఒక అరబ్బు వస్తాడు. అతనే తమ ‘అర్బాబ్’, అంటే యజమాని, అనుకుని వీళ్లిద్దరూ బండెక్కుతారు. ఆ బండి ఎడారి నడుమకు పోతుంది. ఇద్దర్నీ వేరు వేరు మేకల దొడ్ల దగ్గర దించుతారు. ఆ దొడ్డిని నవలలో ‘మసర’ అంటారు. అక్కడ నజీబ్ మూడేళ్లకు పైగా మేకలు, ఒంటెలు కాస్తూ బందీగా వుండిపోతాడు. చివరికి ముగ్గురు కలిసి పారిపోతే, హకీం ఎడారిలోనే ప్రాణాలు వదులుతాడు. దారి చూపిన ఇబ్రహీం ఖాదిరి కనిపించకుండా పోతాడు. నజీబ్ ఒక్కడే రియాద్ చేరి, జైలుకు వెళ్లి, అక్కణ్ణుంచి ఔట్‌పాస్ మీద ఇల్లు చేరతాడు.

ఈ నవలలో బలమైన భాగం పారిపోవటం కాదు. తొలిరోజులు. సినిమా తన శక్తినంతా ఎడారి ప్రయాణం మీదా, ఎండిపోయిన దేహం మీదా పెట్టింది. నవల శక్తి మాత్రం మసరలో మొదటి కొద్దిరోజుల్లో వుంది. ఎందుకంటే ఒక మనిషిని పనిముట్టుగా మార్చే క్రమం అక్కడ అంచెలంచెలుగా కనిపిస్తుంది.

మొదటి అంచె అతనిలోని నమ్మకం. విమానాశ్రయంలో అర్బాబ్‌ని చూసినప్పుడు నజీబ్‌కు కలిగింది భయం కాదు, భక్తి. తన కలలన్నీ నెరవేర్చే ప్రత్యక్ష దైవం ఇతనే అనుకుంటాడు. దీన్ని అమాయకత్వం అని కొట్టిపారెయ్యకూడదు. అప్పు ఇచ్చినవాడికీ, వీసా అమ్మినవాడికీ, ఇంట్లో ఎదురుచూసేవాళ్లకూ జవాబు చెప్పుకోవలసిన మనిషి, రాబోయే యజమానిని దేవుడిగా కాక మరెలా చూస్తాడు? రుణం అతని కళ్లకు గంతలు కట్టి పంపింది. పికప్ వెనక ఎక్కినప్పుడు నజీబ్ మోసపోయినమాట నిజం. కానీ ఎక్కకుండా వుండగల స్వేచ్ఛను అతను ఊళ్లోనే తాకట్టు పెట్టి వచ్చాడు.

రెండో అంచె భాష. అర్బాబ్ మాట్లాడేది అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. అతను చెప్పేది అర్బాబ్‌కు అక్కర్లేదు. బెంగ కథల్లో భాష తెలియకపోవటం నవ్వు పుట్టించే సంఘటన. అంగడిలో ఉప్పు అడగబోయి మరేదో అడగటం లాంటిది. ఇక్కడ భాష తెలియకపోవటం అంటే ఫిర్యాదు చేసే సాధనం లేకపోవటం. నీకు పొరపాటున నన్ను తెచ్చావు, నాది కంపెనీ పని అని చెప్పటానికి మాట లేదు. మాట వున్నా వినే చెవి లేదు. యజమాని ఆజ్ఞలు మాత్రం భాష అవసరం లేకుండానే అర్థమవుతాయి. బెల్టుకు వ్యాకరణం అక్కర్లేదు.

మూడో అంచె నీళ్లు. మొదటి ఉదయం కాలకృత్యాల తర్వాత కడుక్కోబోతే నజీబ్ మీద దెబ్బ పడుతుంది. ఆ నీళ్లు మేకలవి. ఈ ఒక్క సంఘటనలో రచయిత పెద్ద వ్యాసం చెప్పలేని విషయం చెప్పాడు. మసరలో విలువ వున్నది మేకకు. అది అమ్ముడుపోయే సరుకు. దానికి నీళ్లు పెట్టటం ఖర్చు కాదు, పెట్టుబడి. మనిషి శుభ్రంగా వుండటం వల్ల యజమానికి పైసా లాభం లేదు. కాబట్టి ఆ నీళ్లు దుబారా. మార్క్సు పరాయీకరణ గురించి చెప్పింది చదివినవాళ్లకు ఇది కొత్త సిద్ధాంతం కాదు. అయితే సిద్ధాంతం చెప్పకుండా ఒక చెంబెడు నీళ్లతో దాన్ని చూపించటం కళ.

నాలుగో అంచె తనకంటే ముందు వచ్చినవాడు. నజీబ్ వచ్చేసరికి మసరలో ఇంకో పనివాడు వున్నాడు. జడలు కట్టిన జుట్టు, స్నానం ఎరగని శరీరం, మాట మరిచిపోయిన నోరు. నజీబ్ అతన్ని భీకరరూపిగానే చూస్తాడు. పాఠకుడికి మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆ భీకరరూపం నజీబ్ రేపటి రూపం. కొన్నాళ్లకు ఆ మనిషి కనిపించకుండా పోతాడు. అతని మంచం, అతని పని నజీబ్‌కు వస్తాయి. ఫ్యాక్టరీలో ఒక కార్మికుడి స్థానంలోకి ఇంకొకడు రావటం ఎంత మామూలుగా జరుగుతుందో, ఇక్కడా అంత మామూలుగానే జరుగుతుంది. ఆ మామూలుతనమే భయం పుట్టిస్తుంది.

ఇక ఊరగాయ. బెంగ కథల్లో ఊరగాయ జ్ఞాపకం. ‘ఆడుజీవితం’లో అది ఆహారం. ఇంటినుంచి తెచ్చుకున్న ఊరగాయతో ఎండు రొట్టె, ఆ ఖుబ్బూస్, గొంతు దిగుతుంది. అది అయిపోయాక రొట్టెకు నీళ్లే ఆధారం. ఒకే వస్తువు రెండు రకాల సాహిత్యంలో రెండు పనులు చేస్తోంది. ఒకచోట కడుపు నిండినవాడి నాలుక మీద ఊరిని గుర్తుచేస్తోంది. ఇంకోచోట కడుపు మాడుతున్నవాడిని ఇంకో పూట బతికిస్తోంది. వస్తువు స్వభావాన్ని వర్గం ఎలా నిర్ణయిస్తుందో చెప్పటానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు.

2

నవల పరిమితులు కూడా ఇక్కడినుంచే మొదలవుతాయి.

తొలిరోజుల్లో ఇంత కచ్చితంగా చూసిన రచయిత, రోజులు గడిచేకొద్దీ చూపును పనినుంచి తప్పించి విధి మీదకు మళ్లిస్తాడు. నజీబ్ కష్టాలు అల్లా పెట్టిన పరీక్షగా మారతాయి. పారిపోయే దారి చూపిన ఇబ్రహీం పని కాగానే మాయమైపోతాడు. అతను మనిషా, దైవదూతా అన్న అనుమానం పాఠకుడిలో మిగులుతుంది. అర్బాబ్ దాదాపు రాక్షసుడు. చేతిలో తుపాకీ, కళ్లకు దుర్భిణీ, నోట తిట్టు. అతనికి ఇల్లెక్కడ, ఆ మేకలు ఎవరికి అమ్ముతాడు, ఆ మసర నిజంగా అతనిదేనా, అతని పైన ఎవరున్నారు? నవల చెప్పదు. దుర్మార్గానికి మనిషి ముఖం వుంది గాని ఆర్థిక చిరునామా లేదు.

దీనికి ఒక సమాధానం వస్తుంది, దాన్ని న్యాయంగా పరిశీలించాలి. నవల నజీబ్ గొంతుతో నడుస్తుంది. ఎడారిలో ఒంటరిగా వున్న ఒక భక్తుడైన కూలీకి దేవుడు తప్ప దిక్కెవరు? అతను దేవుణ్ణి పిలవకుండా కఫాలా చట్టాన్ని విశ్లేషించాలా? అది వాస్తవికత అవుతుందా? కాదు. నజీబ్ నమ్మకం నజీబ్‌ది. దాన్ని కత్తిరించి రాస్తే అది అబద్ధపు రచన. మన అభ్యంతరం పాత్ర ప్రార్థన చెయ్యటం మీద కాదు. కథానిర్మాణం కూడా ప్రార్థనకు జవాబిచ్చే విధంగా సాగటం మీద. పాత్ర విశ్వాసం వేరు, రచన చేసే తీర్మానం వేరు.

మేకలకు పేర్లు పెట్టే ఘట్టాల్లోనూ ఇదే ద్వంద్వం వుంది. నజీబ్ మేకలకు తన ఊరి మనుషుల పేర్లు పెట్టుకుంటాడు. తన కళ్ల ముందు పుట్టిన పిల్లకు, తనకు పుట్టబోయే కొడుకు కోసం అనుకున్న నబీల్ అనే పేరు పెడతాడు. మాట్లాడే మనిషి లేనిచోట మనిషి తన మనిషితనాన్ని ఎలా నిలబెట్టుకుంటాడో చూపిన గొప్ప ఊహ ఇది. కానీ పుస్తకం ముందుకు పోయేకొద్దీ ఈ స్నేహం ఒక ఊరట అవుతుంది. బందిఖానా అలవాటవుతుంది. నబీల్‌ను యజమాని విత్తు కొట్టినప్పుడు మాత్రం ఆ ఊరట పగులుతుంది. మేకకూ, మేకలకాపరికీ ఒకే యజమాని, ఒకే కత్తి అని అప్పుడు తెలుస్తుంది.

3

ఇంతవరకు చెప్పిన పరిమితులు చాలామంది పాఠకులు గమనించినవే కావచ్చు. నవలలో అందరూ చదివినా తగినంత పట్టించుకోని ఘట్టం మరొకటుంది. నా దృష్టిలో ఈ నవలకు తాళంచెవి అదే.

నవల మొదలవటం ఎడారిలో కాదు. రియాద్‌లోని బతా పోలీసు స్టేషన్ ముందు. నజీబ్, హమీద్ అనే ఇద్దరు, పోలీసులు తమను పట్టుకుంటే బాగుండునని అక్కడ తిరుగుతుంటారు. దేశంకాని దేశంలో స్వేచ్ఛగా తిరగటం కన్నా జైలు మేలు. జైలుకు వెళితే ఎప్పటికైనా ఇంటికి పంపుతారు. హమీద్ కూడా తన యజమాని దగ్గర తాళలేక పారిపోయి వచ్చినవాడే. ఇద్దరూ జైలు చేరతారు. అక్కడ యజమానులు వచ్చి పారిపోయిన తమ పనివాళ్లను గుర్తుపట్టే పెరేడ్ జరుగుతుంది. వరసగా నిలబెట్టిన మనుషుల ముఖాలు చూసుకుంటూ యజమానులు నడుస్తారు. సంతలో పశువుల్ని చూసుకునే పద్ధతి.

ఒక పెరేడ్‌లో హమీద్ యజమాని వస్తాడు. గుర్తుపడతాడు. హమీద్ ఎంత ఏడ్చినా లాక్కుపోతాడు. మరో పెరేడ్‌లో నజీబ్ అర్బాబ్ వస్తాడు. నజీబ్ ముందు నిలబడతాడు. పోల్చుకుంటాడు. ఏమీ అనకుండా ముందుకు వెళ్లిపోతాడు. ఎందుకు వదిలిపెట్టాడో తర్వాత తెలుస్తుంది. నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడు కాదు. విమానాశ్రయంలో దిక్కులేక నిలబడ్డ ఎవరి పనివాడినో అతను ఎత్తుకుపోయాడు. తన వీసా మీద వచ్చినవాడైతే మళ్లీ మసరకు ఈడ్చుకుపోయేవాణ్ణని అర్బాబ్ చెప్పి వెళతాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా ఎలా చదువుతారు? చివరి మలుపుగా. విధి ఆడిన క్రూరమైన ఆటగా. అయ్యో, అసలు యజమాని వేరే వున్నాడా, అతని దగ్గరికి వెళ్లి వుంటే నజీబ్ బతుకు బాగుండేదా అన్న నిట్టూర్పుగా. ఇలా చదివితే నవల సారాంశం ఇది: నజీబ్‌కు జరిగింది ఒక నేరం, ఒక అపహరణ. చట్టబద్ధమైన దారిలో నడిచివుంటే అంతా సవ్యంగా వుండేది.

కానీ హమీద్‌ను పక్కన నిలబెట్టి చదవండి. హమీద్ చట్టబద్ధుడు. అతనికి వీసా వుంది, యజమాని వున్నాడు. అందుకే అతను తిరిగి బందీ అయ్యాడు. నజీబ్‌కు ఆ యజమానితో చట్టబంధం లేదు. అందుకే విడుదలయ్యాడు. మూడేళ్ల నరకంనుంచి నజీబ్‌ను బయటపడేసింది చట్టం రక్షణ కాదు, చట్టం అతని మెడకు పలుపు వెయ్యకపోవటం. నేరగాడు వదిలేసి వెళ్లిపోయాడు. చట్టబద్ధుడైన యజమాని లాక్కుపోయాడు. వాడి వెనక పోలీసు, జైలు, పెరేడ్ అన్నీ నిలబడ్డాయి. వీసా మనిషిని రక్షించే కాగితం అనుకున్నాం. ఇక్కడ అది మనిషి మీద యజమానికి రాసిచ్చిన పట్టాగా తేలింది.

ఇది రచయిత ఉద్దేశించిన అర్థమేనా? కాకపోవచ్చు. నజీబ్ ఈ విడుదలను కూడా దైవకృప కిందే జమ వేసుకుంటాడు. కానీ రచయిత ఉద్దేశం కన్నా రచనలోని వాస్తవం బలంగా పలికే సందర్భాలు సాహిత్యంలో వున్నాయి. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ బాల్జాక్ గురించి చెప్పింది ఇదే. రాజకీయంగా బాల్జాక్ ప్రభువర్గం పక్షం, అయినా అతని వాస్తవికత ఆ వర్గం పతనాన్నే చూపించిందన్నాడు. బెన్యామిన్ దైవకృపను చూపించాలనుకున్నచోట వీసా స్వభావం బయటపడింది. నజీబ్, హమీద్‌లను ఒకే వరసలో నిలబెట్టిన క్షణాన నవల తన తీర్మానాన్ని తానే దాటిపోయింది.

ముగింపులోనూ ఇదే కొనసాగుతుంది. ఇంటికి పంపే కూలీల్ని గుంపుగా విమానం వైపు తోలుతున్నప్పుడు, మేకల్ని మసరలోకి తోలటం నజీబ్‌కు గుర్తొస్తుంది. ఆ మందలో తానూ ఒకడు. గమనించండి, ఇప్పుడు తోలుతున్నది ఆ దుర్మార్గుడైన అర్బాబ్ కాదు. ప్రభుత్వ యంత్రాంగం. మసర ఎడారిలో ముగియలేదు.

4

ఆ అధికారానికి పేరు కఫాలా. విదేశీ కార్మికుడి రాకనూ, నివాసాన్నీ, పనినీ ఒక స్థానిక పూచీదారుకు, అంటే కఫీల్‌కు, ముడిపెట్టే పద్ధతి. నజీబ్ కథ జరిగిన 1990ల సౌదీలో కఫీల్ అనుమతి లేకుండా వేరే పనికి పోకూడదు, దేశం విడిచి వెళ్లకూడదు. పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు ఇస్తే చాలు, కార్మికుడు నేరస్థుడవుతాడు. దీన్నే ‘హురూబ్’ అంటారు. జీతం ఎగ్గొట్టిన యజమాని బయట తిరుగుతాడు. జీతం రాక పారిపోయినవాడు దాక్కుంటాడు.

ఇది ఎడారికి మాత్రమే చెందిన ఆచారమా? చరిత్ర అలా చెప్పటం లేదు. ఇదే భారతదేశం నుంచి బ్రిటిష్ వలసలకు పోయిన గిర్మిట్ కూలీల తొలిరోజుల్ని చూడండి. ‘అగ్రిమెంటు’ అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. 1893లో అలా ఫిజీకి పోయిన తోతారాం సనాఢ్య అనుభవాలు 1914లో హిందీలో పుస్తకంగా వచ్చాయి. అర్కాటీ, అంటే కూలీలను చేర్చే ఏజెంటు, కల్లబొల్లి మాటలు చెప్పి తీసుకుపోవటం, మేజిస్ట్రేటు అడిగితే ‘ఔను’ అనమని ముందే నేర్పటం, కొద్ది నిమిషాల్లో వందమందికి పైగా జనానికి ఒప్పందాలు పూర్తికావటం ఆ పుస్తకంలో వున్నాయి. ఫిజీలో గిర్మిట్ అయిదేళ్లు. పూర్తి పనికి మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి 9 పెన్నీలు. మొదటి ఆరు నెలలు రేషన్ యజమానే ఇచ్చి, దాని ఖర్చు రోజుకు 4 పెన్నీల చొప్పున కూలిలో కోసుకునేవాడు. అనుమతి లేకుండా తోట విడిచిపోతే నేరం, శిక్ష. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా ఫిజీకి కూలీల్ని మోశాయి. వాటిలో తెలుగువాళ్లున్నారు. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. అది కూడా ఊరికే కాదు, భారతదేశంలో రేగిన ఆందోళన వల్ల.

గిర్మిట్, కఫాలా ఒకటే అనటం లేదు. గిర్మిట్‌కు కనీసం గడువుండేది. గోడ మీద గీతలు గీసుకుని రోజులు లెక్కపెట్టుకోవచ్చు. నజీబ్‌కు ఆ లెక్క కూడా లేదు. కానీ రెండింటికీ మూలసూత్రం ఒకటే. పని మానెయ్యటాన్ని నేరం చెయ్యటం. కార్మికుడు తన శ్రమశక్తిని అమ్ముకునే స్వేచ్ఛ గలవాడని పెట్టుబడి చెప్పుకుంటుంది. సరిహద్దు దాటగానే ఆ స్వేచ్ఛలో సగం పోతుంది. అమ్ముకునే స్వేచ్ఛ మిగులుతుంది, అమ్మకం ఆపే స్వేచ్ఛ వుండదు. ఈ సూత్రం కనిపించకపోతే నజీబ్ కథ అరబ్బుల క్రూరత్వం కథగా మిగులుతుంది. అలా చదవటం సులువు, ప్రమాదకరం కూడా. ఒక జాతినో మతాన్నో తిట్టుకుని పాఠకుడు తృప్తి పడతాడు. వీసా అమ్మినవాడు, వడ్డీకిచ్చినవాడు, ఊళ్లో పని లేకుండా చేసినవాడు తప్పించుకుంటారు. వాళ్లలో అరబ్బు ఒక్కడూ లేడు.

సంస్కరణలు రాలేదా? వచ్చాయి. ఖతార్ 2020లో యజమాని అనుమతి పత్రం లేకుండా పని మారే వీలు కల్పించింది. సౌదీ 2021 మార్చిలో పని మారటంపైనా, దేశం విడిచి వెళ్లటంపైనా నిబంధనలు సడలించింది. అయితే ఆ 2021 సంస్కరణ ఎవరికి వర్తించలేదో చూడండి. ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు, తోటమాలీలు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు. అంటే నజీబ్‌లు. నవల వచ్చిన పదమూడేళ్ల తర్వాత కూడా చట్టం తలుపు తెరిచి, మేకలకాపరిని గుమ్మం బయటే వుంచింది.

5

ఇక మన సంగతి. 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాత గల్ఫ్ దారి పట్టిన తెలుగు జిల్లాలు తక్కువేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు, కడప జిల్లా, గోదావరి జిల్లాలు. కడపనుంచి, గోదావరినుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన స్త్రీలు వేలు. ఈ ప్రాంతాల మాటల్లోకి కొత్త పదకోశమే వచ్చి చేరింది. కఫీల్, అకామా, ఆజాద్ వీసా, కంపెనీ వీసా, ఖల్లివల్లి, ఔట్‌పాస్. ఒక్కో మాట వెనక ఒక్కో నవల వుంది. ‘ఆజాద్ వీసా’ అనే మాటనే తీసుకోండి. ఆజాదీ అంటే స్వేచ్ఛ. డబ్బు కట్టి కఫీల్ పేరు మాత్రం అరువు తెచ్చుకుని, బయట దొరికిన పని చేసుకోటానికి పెట్టుకున్న పేరది. దొరికితే నేరం. నేరానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకోవలసిన స్థితిని ఏ కవి కల్పించగలడు?

వెళ్లకముందే మొదలయ్యే తొలిరోజులు కూడా వున్నాయి. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు కార్మికుడినుంచి తీసుకోదగిన రుసుముకు నిబంధనల్లో 30,000 రూపాయల పరిమితి వుంది. ఊళ్లలో అంతకు మించి కట్టనివాడు అరుదు. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చి కడతాడు. అతను అక్కడ మొదటి నెల జీతం అందుకోకముందే ఇక్కడ మిత్తి నెల నిండుతుంది. తొలిరోజుల కథ విమానం దిగినప్పుడు కాదు, ప్రామిసరీ నోటు రాసినప్పుడు మొదలవుతుంది. నజీబ్ నవలలోనూ ఈ అప్పు వుంది. కానీ మసరలో అడుగుపెట్టాక అది దాదాపు వినిపించదు. తెలుగు రచయిత దాన్ని వినిపించాలి.

స్త్రీల తొలిరోజులు ఇంకా రాయవలసే వున్నాయి. ‘ఆడుజీవితం’లో వలస స్త్రీ లేదు. నజీబ్ జైలు దిక్కులేని ఎడారి. ఇంటిపని స్త్రీ జైలు నాలుగు గోడల ఇల్లు. అక్కడ నీళ్లున్నాయి, నీడ వుంది, తిండి వుంది. తలుపు మాత్రం ఆమెది కాదు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి, ఇంటిపనివాళ్ల పని రోజుకు 12 గంటలు మించకూడదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ రాసింది. చట్టంలో రాయవలసి వచ్చిందంటే అంతవరకు ఏం జరుగుతూ వచ్చిందో చెప్పక్కర్లేదు. పసిబిడ్డను తల్లి దగ్గర వదిలి వెళ్లి, పరాయి పసిబిడ్డను ఎత్తుకున్న మొదటి రాత్రి గురించి మనకు ఎన్ని కథలున్నాయి?

సాఫ్ట్‌వేర్ వలసల కథకులకు కూడా ఇందులో పాఠం వుంది. హెచ్-1బి మీద అమెరికా వెళ్లిన ఇంజనీరుకు మసర లేదు, బెల్టు దెబ్బ లేదు. అతన్ని నజీబ్‌తో సమానం చేస్తే అది నజీబ్‌కు అవమానం. అయినా అతని వీసా కూడా యజమాని దరఖాస్తుకే ముడిపడి వుంటుంది. 2017లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోతే అతనికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఈలోగా ఇంకో యజమానో, ఇంకో దారో దొరక్కపోతే ఇల్లు, పిల్లల బడి, అప్పు అన్నీ వదిలి రావాలి. మంచు గురించి, ఆవకాయ గురించి ఇన్ని కథలు రాసిన వర్గం ఆ 60 రోజుల గురించి ఎంత రాసింది? యజమాని ముందు నోరు మెదపని ఆ మౌనం గురించి ఎంత రాసింది? తన బంధనాన్ని తాను చూడలేనివాడు నజీబ్ బంధనాన్ని చూసి జాలి మాత్రమే పడగలడు.

జాలితో వచ్చే చిక్కు ఇదే. అది దుఃఖానికి ఒక హద్దు గీస్తుంది. నజీబ్ అంత బాధపడినవాడే బాధితుడు అంటుంది. లేబర్ క్యాంపులో ఒక గదిలో పదిమందితో పడుకుని, మూణ్ణెల్లుగా జీతం అందక, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో వున్న నిర్మాణ కార్మికుడు తన గోడు చెప్పుకుంటే, ‘నీకు తిండి పెడుతున్నారు కదా, పడుకోటానికి మంచం వుంది కదా’ అంటారు. అతని బాధ కథకు చాలదు. వార్తకు కూడా చాలదు. శవపేటిక ఊరికి వస్తేనే వార్త. మామూలు దోపిడీని మామూలుగా చూడటం నేర్పే సాహిత్యం, ఎంత కన్నీరు పెట్టించినా, యజమానికి అభ్యంతరం లేని సాహిత్యమే.

‘ఆడుజీవితం’ ఆ కోవలోకి పూర్తిగా పోలేదు. తొలిరోజుల్ని రాసిన పేజీలూ, జైలు పెరేడ్ రాసిన పేజీలూ దాన్ని నిలబెట్టాయి. పొరుగు భాషవాళ్లు ఒక కూలీని కథానాయకుణ్ణి చేసి లక్షలమంది చేత చదివించారు. ఇది చిన్న పని కాదు. అయితే ఆ నవల అసలు ప్రశ్న హమీద్‌తో పాటు వెనక్కి వెళ్లిపోయింది. లాక్కుపోయాక హమీద్ ఏమయ్యాడు? చట్టబద్ధమైన వీసా వున్న ఆ మనిషి మళ్లీ మొదటినుంచి గడపవలసిన తొలిరోజులు ఎలా వున్నాయి? రాయవలసిన నవల అతనిది. అది కరీంనగర్ మాండలికంలో రావచ్చు, కడప యాసలో రావచ్చు. రాసేవాళ్లు అక్కడ పనిచేసి వచ్చినవాళ్లే అయితే మరీ మంచిది. వాళ్ల డైరీలను, ఉత్తరాలను, ఫోనులో దాచుకున్న గొంతులను సేకరించి అచ్చువెయ్యటం మన పత్రికలు వెంటనే మొదలుపెట్టగల పని.